మన ఊరికి చరిత్ర ఉన్నదా? – కణేకల్ చెప్పే పాఠం



మేత, ఈతల మధ్య వ్యవధి, వెన్న శాతం, లెక్కల పుస్తకాలు – ఇవి మన పాఠాలలో తరచు వచ్చే విషయాలు. ఈసారి వేరొక విషయం ఎత్తుకుంటున్నాము. ఒక ఊరి చరిత్ర. పాల సంఘానికి దీనితో పనేమిటని మీరు అడగవచ్చు. పాఠం చివరికి వచ్చేసరికి ఆ ప్రశ్నకు జవాబు మీకే దొరుకుతుందని మా నమ్మకం.

సంఘాలకు వెళ్ళినప్పుడు మేము పెద్దలను "మీ ఊరి సంగతి చెప్పండి" అని అడుగుతుంటాము. ఎక్కువ మంది చెప్పే మాట ఒకటే: "మా ఊరికేం చరిత్ర ఉంది సార్, కరువు తప్ప!" చరిత్ర అంటే రాజులు, కోటలు, యుద్ధాలు అని మనం బడిలో నేర్చుకున్నాము. అందువల్ల కోట లేని ఊరికి చరిత్ర లేదనుకుంటాము. అది పొరపాటు. చెరువు ఉన్న ప్రతి ఊరికీ, పశువు ఉన్న ప్రతి ఇంటికీ చరిత్ర ఉన్నది. అనంతపురం జిల్లాలోని కణేకల్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి చూద్దాము.

ఊరు ఉన్న చోటు

కణేకల్ అనంతపురం జిల్లాకు పడమటి అంచున, రాయదుర్గం ప్రాంతంలో ఉన్నది. దాటితే కర్ణాటకలోని బళ్ళారి జిల్లా. ఊరి పేరులోని "కల్లు" అన్నది కన్నడంలో రాయి. గుంతకల్లు పేరులో కూడా అదే మాట ఉన్నది. ఇక్కడి జనానికి తెలుగు, కన్నడం రెండూ నోటికి వచ్చిన భాషలే. మనం పాలు అంటే వారు హాలు అంటారు. పలుకు మారినా మాట ఒక్కటే, గిన్నెలో ఉన్నదీ ఒక్కటే.

ఈ ప్రాంతంలో పారే ఏరు వేదవతి. కన్నడం మాట్లాడేవారు దీనిని హగరి అంటారు. ఇది కర్ణాటకలోని బాబాబుడన్ కొండల దగ్గర పుట్టి, హిరియూరు వద్ద 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం దాటి, మన జిల్లాలో భైరవానితిప్ప ప్రాజెక్టు మీదుగా కణేకల్ ప్రాంతానికి వస్తుంది. ఇక్కడినుంచి బళ్ళారి వైపు పోయి తుంగభద్రలో కలుస్తుంది. పేరుకు నదియే గాని సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇసుకే కనబడుతుంది. అయితే పైన మంచి వాన పడితే దాని సంగతి వేరు. 1933 తరువాత మళ్ళీ 2022లో వాణీవిలాస సాగరం నిండి పొర్లింది. అంటే 89 ఏళ్ళు. ఒక మనిషి పుట్టి ముసలివాడై పోయేటంత కాలం. ఇటువంటి ఏటిని నమ్ముకుని సేద్యం చేసే ఊరికి ఓపిక ఎంత ఉండాలో ఊహించండి.

జిల్లాలో సగటు వర్షపాతం సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ సకాలంలో రాదు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనం తూర్పు తీరంలో కురిసి, ఇక్కడికి వచ్చేసరికి ఉడిగిపోతుంది. రెండు వానలకూ మనం పంక్తిలో చివరి విస్తరి దగ్గర కూర్చున్నవాళ్ళమన్నమాట.

మొదటి పాడి రైతులు

ఈ నేల మీద పశువుల పెంపకం ఎప్పటినుంచి ఉన్నది? బళ్ళారి, అనంతపురం, పాలమూరు, రాయచూరు ప్రాంతాలలో అక్కడక్కడ పెద్ద పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. బళ్ళారి నుంచి హోస్పేటకు పోయే దారిలో కుడితిని దగ్గర ఒకటి ఉన్నది. రాక్షసులను కాల్చిన బూడిద అని, వాలిని దహనం చేసిన చోటు అని జనం ఈ దిబ్బల గురించి చెప్పుకునేవారు.

1957లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వించాడు. తేలినది ఏమిటంటే అది రాక్షసుల బూడిద కాదు, పశువుల పేడ. చుట్టూ దుంగలు పాతి దొడ్డి కట్టి, లోపల పశువుల మందను నిలిపేవారు. ఏళ్ళ తరబడి పేరుకున్న పేడను మధ్య మధ్య తగలబెట్టేవారు. అట్లా పొర మీద పొర పడి దిబ్బ అయినది. ఆ పొరలలో పశువుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. మన జిల్లాలో కళ్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయి వద్ద ఇటువంటి దిబ్బనే ఆ తరువాత వి. రామిరెడ్డిగారు తవ్వి పరిశోధించారు. ఈ దిబ్బలు నాలుగు వేల ఏళ్ళకు పైబడిన కాలానివి.

పేడను ఎందుకు కాల్చారన్నదానిపై పండితులు పలు విధాలుగా చెబుతారు. పండుగనాడు మంట వేసి పశువులను దాటించే మన ఆచారం వంటిదే అప్పుడూ ఉండి ఉంటుందని ఆల్చిన్ అభిప్రాయం. ఏదైనా, మనం గుర్తు పెట్టుకోవలసినది ఇది: ఈ మెరక నేలలో మనిషి స్థిరపడినది పశువు తోక పట్టుకునే. రాజులు రాకముందే, రాత రాకముందే, ఇక్కడ దొడ్లు ఉన్నాయి. "మా ఊరికేం చరిత్ర" అనే పాడి రైతు ఈ దేశంలో అందరికంటె పాత చరిత్రకు వారసుడు.

చెరువు – దాని వెనుక ఉన్న ఏర్పాటు

పశువుకు మేత కావాలి, మేతకు నీరు కావాలి. ఏరు నమ్మదగినది కానప్పుడు చెరువే దిక్కు. కణేకల్‌కు పెద్ద చెరువు ఉన్నది. దానిని చిక్కణ్ణ ఒడెయరు పేరుతో చెప్పుకుంటారు. రాయలసీమ అంతటా ఇటువంటి చెరువులు విజయనగర కాలంలోనూ, దానికి ముందు వెనుకలలోనూ తవ్వించారు.

చెరువు తవ్వడం ఆ రోజులలో ఎంత ఆలోచించి చేసే పనియో తెలియాలంటే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం చూడాలి. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన శాసనమది. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం లెక్కపెట్టి చెప్పింది. ఆ దోషాలు ఏవంటే: కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం, ఇక ఆరవది – రెండు రాజ్యాల ఎల్లలో చెరువు ఉండడం.

ఈ ఆరవ దోషాన్ని జ్ఞాపకం ఉంచుకోండి. ముందుకు పోయిన తరువాత మళ్ళీ దీని దగ్గరికి వస్తాము.

చెరువు తవ్వడం ఒక్కసారి పని. దానిని నిలుపుకోవడం ప్రతి ఏటి పని. అందుకు పెద్దలు చేసిన ఏర్పాటు పేరు దశబంధం. చెరువు కట్టినవారికి, లేదా కట్ట, తూము, కలుజు బాగుచేస్తూ ఉండేవారికి ఆ చెరువు కింద కొంత భూమిని పన్ను లేకుండా గాని, తక్కువ పన్నుకు గాని ఇచ్చేవారు. మరమ్మతు మానుకుంటే భూమి పోతుంది. ఇక నీరు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ఎవరి మడికి ఎన్ని గడియలు నీరు పారాలో అతడి చేతిలో ఉండేది. కళ్ళంలో అతడికి మేర కొలిచేవారు.

ఈ ఏర్పాటులో అన్యాయాలు లేవని మేము అనడం లేదు. భూమి కొందరిది, చాకిరి ఇంకొందరిది అయిన కాలమది. చెరువు మట్టి మోసినవారి పేరు ఏ శాసనంలోనూ ఉండదు. అయినా ఒక్క విషయం ఒప్పుకోవాలి. కట్ట తెగితే ఎవరిని అడగాలో ఊరికి తెలుసు.

కుంఫిణీ దొరతనం

1565లో విజయనగరం పడిపోయిన తరువాత ఈ ప్రాంతం పాలెగార్ల చేతుల్లోకి, సుల్తానుల చేతుల్లోకి, తరువాత మైసూరు నవాబుల చేతుల్లోకి, నిజాము చేతుల్లోకి మారింది. 1791–92లో దక్కనులో వచ్చిన మహా కరువును పుర్రెల కరువు అన్నారు. పూడ్చడానికి మనుషులు లేక పుర్రెలు బయళ్ళలో పడి ఉన్నాయని ఆ పేరు.

1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కుంఫిణీకి ఇచ్చివేశాడు. అందుకే దత్త మండలాలు అనే పేరు వచ్చింది. తామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరు. సుమారు 80 మంది పాలెగార్లను అణచి, పొలం పొలమూ కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైతువారీ పద్ధతిని నిలబెట్టాడు. తరువాత మద్రాసు గవర్నరై 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించాడు.

పొలానికి రైతు పేరుమీద లెక్క ఏర్పడడం మంచిదే. కాని శిస్తు రొక్కంగా, గడువుకు కట్టవలసి వచ్చింది. వాన పడినా పడకపోయినా గడువు గడువే. చెరువుల మరమ్మతు కాలక్రమాన సర్కారు శాఖల పని అయింది. దశబంధం ఇనాములు ఒకటొకటే అసలు పని మరిచి ఉత్త భూములుగా మిగిలాయి. ఊరు తన వంతు పని మానుకుంటున్నదని 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం కూడా చేసింది. కట్ట తెగే ప్రమాదం వచ్చినప్పుడు రైతులు పనికి రావాలని ఆ చట్టం. చట్టం వచ్చింది గాని పాత కట్టుబాటు తిరిగి రాలేదు. ఊరు "ఇది సర్కారు చెరువు" అనుకున్నది. సర్కారు "ఇది ఊరి బాధ్యత" అన్నది. నడుమ పూడిక పెరిగింది.

ధాత కరువు

1876లో రెండు ఋతుపవనాలూ తప్పాయి. ఆ సంవత్సరం పేరు ధాత. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ భారతంలో 50 లక్షల మందికి పైగా మరణించారని అంచనా. మద్రాసు రాజధానిలో అందరికంటె ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. అప్పటికి రాయదుర్గం, కణేకల్ బళ్ళారి జిల్లాలోనివే. అనంతపురం వేరు జిల్లాగా ఏర్పడినది 1882లో. అప్పుడు కూడా రాయదుర్గం తాలూకా బళ్ళారితోనే ఉన్నది.

ఒక సంగతి గమనించండి. అప్పటికే గుంతకల్లు మీదుగా మద్రాసు – బొంబాయి రైలు దారి 1871లో పూర్తయి ఉన్నది. ధాన్యం తేవడానికి రైలు ఉన్నది, దేశంలో ధాన్యమూ ఉన్నది. కాని ధరలు కొనలేనంతగా పెరిగాయి. కరువు పనులలో కూలి తగ్గించారు. రోజుకు ఒక పౌను, అంటే అర కిలోకు కూడా తక్కువ ధాన్యానికి సరిపడే కూలిని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని ఆనాడే వైద్యులు వాదించారు.

పశువుల మాట చెప్పనక్కర లేదు. కరువులో ముందు పోయేది పశువు. కప్పు మీది గడ్డి పీకి ఎద్దుల ముందు వేయడం రాయలసీమ రైతు ఎరిగిన బాధే. గడ్డి లేక ఎద్దు పోతే, మరుసటి ఏడు వాన వచ్చినా దున్నడానికి కాడి లేదు. కరువు ఒక ఏటిది అయినా దాని దెబ్బ ఐదారేళ్ళు నిలిచేది అందుకే. కాబట్టి మేత నిలువ చేసుకున్న ఊరికి మిగతా ఊళ్ళకంటె ముందుగా కోలుకునే అవకాశం ఉంటుంది. ఇది పాత సంగతి అనుకోకండి. నేడు ట్రాక్టరు దున్నుతున్నది నిజమే, కాని ఆవును, గేదెను అమ్ముకున్న ఇల్లు మళ్ళీ పాడి చేరడానికి ఎంత కాలం పడుతున్నదో మీ సంఘంలోనే లెక్క చూడండి.

ఎల్ల మారిన ఊరు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్ళారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలినవి మైసూరు రాష్ట్రానికి పోయాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. ఆ విధంగా కణేకల్ కదలకుండానే జిల్లా మారింది, రాష్ట్రం మారింది. నిన్నటిదాకా జిల్లా కేంద్రమైన బళ్ళారి పరాయి రాష్ట్రపు పట్టణమైనది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు కణేకల్ మండల కేంద్రమయింది. అంతకు ముందు ఏడాది, 1984 జనవరిలో, కరణం మునసబు పదవులు రద్దయ్యాయి. తరతరాలుగా ఊరి లెక్కలు కరణం ఇంటి పెట్టెల్లో ఉండేవి. ఆ పదవులతోపాటు చాలా ఊళ్ళలో ఆ కాగితాలూ చెల్లాచెదరయ్యాయి. పదవి పోయినందుకు విచారం అక్కరలేదు గాని, కాగితం పోయినందుకు విచారించాలి.

పెద్ద కాలువ

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో నీటి విషయంలో రాయలసీమకు ముందు మేలు జరగాలని పెద్దలు ఒప్పుకున్నారు. తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది. 1953లో నీరు వదిలారు. ఎగువ కాలువ, అంటే మనవారు హెచ్చెల్సీ అని పిలిచే కాలువ, 1960ల దశకంలో అనంతపురం జిల్లాకు చేరింది. కర్ణాటకలో సుమారు 105 కిలోమీటర్లు నడిచి బొమ్మనహాళ్ వైపున మన జిల్లాలో ప్రవేశించి, వేదవతి మీద కట్టిన అక్విడెక్టు దాటి కణేకల్ ప్రాంతానికి వస్తుంది. కింద ఎండిన ఏరు, పైన పారే కాలువ.

ఈ నీటితో కణేకల్, బొమ్మనహాళ్ ప్రాంతాలు వరి పండించాయి. వేరుశనగ తప్ప మరొకటి కనబడని జిల్లాలో ఇది పచ్చని చోటు. వరితోపాటు వరిగడ్డి వచ్చింది. ఎండు ప్రాంతపు గ్రామాలవారు బండ్లు, లారీలు కట్టుకుని గడ్డికి వచ్చే చోటు ఇటువంటి కాలువ కింది ఊళ్ళే.

ఇక ఆరవ దోషం దగ్గరికి వద్దాము. రెండు రాజ్యాల ఎల్లలో చెరువు ఉండకూడదన్నారు పెద్దలు. నేడు తుంగభద్ర జలాశయం ఉన్నది ఒక రాష్ట్రంలో, దాని నీటిని నమ్ముకున్నవారు మూడు రాష్ట్రాలలో. 1976 నాటి బచావత్ తీర్పు ప్రకారం ఎగువ కాలువలో ఆంధ్రప్రదేశ్ వాటా 32.5 టి.ఎం.సి.లు. కాని జలాశయంలో పూడిక చేరి, మొదట సుమారు 133 టి.ఎం.సి.లు ఉన్న నిలువ ఇప్పుడు 105 టి.ఎం.సి.ల పైచిలుకుకు తగ్గింది. ఆ మేరకు కాలువకు చేరేదీ తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. తాత్కాలికపు గేటు దించేలోగా ఎన్నో టి.ఎం.సి.ల నీరు ఏటి పాలయింది. ఎక్కడో ఒక గొలుసు తెగితే ఇక్కడ మన గడ్డివామి చిన్నదవుతుంది. దూరపు నీటిని నమ్ముకున్న ఊరు తన దగ్గరి చెరువును మరవకూడదని దీని అర్థం.

ఇసుక మేట

కణేకల్, బొమ్మనహాళ్ ప్రాంతాలకు ఇంకొక చిక్కు ఉన్నది. వేదవతి ఎండినప్పుడు, జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే నైరుతి గాలి ఏటి ఇసుకను ఎత్తి పొలాల మీద పోస్తుంది. దర్గాహొన్నూరు వంటి ఊళ్ళ దగ్గర ఇసుక దిబ్బలు చూసినవారు ఇది రాజస్థానమా అని అడుగుతారు. అనంతపురం జిల్లాను 1970ల దశకంలో కరువు పీడిత ప్రాంతాల పథకంలోనూ, 1995–96లో ఎడారి అభివృద్ధి పథకంలోనూ చేర్చడం ఊరకే జరగలేదు.

గాలిని ఎవరూ ఆపలేరు. ఇసుకను ఆపవచ్చు. ఏటి గట్టున చెట్లు, తుప్పలు, గడ్డి ఉంటే ఇసుక అక్కడే నిలుస్తుంది. వంటచెరకుకు కొట్టి, ఏడాది పొడుగునా విడిచి మేపితే నేల బోడిదై ఇసుక కదులుతుంది. ఇక్కడ పాడి రైతు తన వంతు తప్పును కూడా ఒప్పుకోవాలి. పోరంబోకులో ఎవరి పశువు అయినా మేయవచ్చు గాని, ఆ పోరంబోకులో ఒక్క గడ్డి దుబ్బు నాటే బాధ్యత ఎవరిదీ కాదు అన్నట్టు మనం నడుచుకుంటున్నాము.

వేరొక దేశం, అదే సంగతి

ఐరోపాలో బెల్జియం దేశపు ఉత్తర భాగాన్ని ఫ్లాండర్స్ అంటారు. అక్కడి సముద్రపు ఒడ్డు ఊళ్ళ కష్టం మనకు తలకిందులు. మనకు నీరు లేక బాధ, వారికి నీరు ఎక్కువై బాధ. పల్లపు భూములలోకి సముద్రం రాకుండా కట్టలు కట్టి, మురుగు నీరు పోవడానికి కాలువలు తవ్వి, వాటిని నిలుపుకోవడానికి భూమి గలవారంతా కలిసి సంఘాలు పెట్టుకున్నారు. ఆ సంఘాలకు వందల ఏళ్ళ చరిత్ర ఉన్నది. ఎవరు ఎంత కట్టకు బాధ్యులో పుస్తకంలో రాసి ఉంచేవారు. 1914 అక్టోబరులో జర్మను సైన్యాన్ని ఆపడానికి న్యూపోర్టు తూములు ఎత్తి తమ పొలాలనే సముద్రానికి విడిచిపెట్టవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక నేలను మళ్ళీ సాగుకు తెచ్చుకున్నారు. అక్కడి రైతుల పెద్ద సంఘం 1890లో లూవెన్‌లో ఏర్పడి నేటికీ ఉన్నది. చిన్న పల్లెల చరిత్రను కూడా చర్చి పుస్తకాల నుంచి, కట్టల లెక్కల నుంచి అక్కడివారు రాసుకోగలుగుతున్నారు. ఎందుకంటే పుస్తకం ఉన్నది, పుస్తకం దాచిన మనిషి ఉన్నాడు.

మనకూ అటువంటి ప్రయత్నం ఒకటి జరిగింది. రెండు వందల ఏళ్ళ క్రితం కల్నల్ మెకంజీ, అతడి వద్ద పనిచేసిన కావలి సోదరులు ఊరూరా తిరిగి పెద్దలను అడిగి, కరణాల కవిలెలు చూసి కైఫీయతులు రాయించారు. రాయలసీమ పల్లెల సంగతులు ఎన్నో వాటివల్లనే మిగిలాయి. మెకంజీ పరదేశి. ఈసారి పరదేశి రానక్కరలేదు.

పాల సంఘానికి పని ఏమిటి?

ఇంతవరకు చెప్పినదంతా కలిపి చూడండి. బూడిద దిబ్బల నాటినుంచి నేటివరకు ఈ నేలలో వాన ఎప్పుడూ చాలలేదు. వాన తక్కువైనందుకే ఊరు చెడలేదు. వానకు తోడు, నిలబెట్టుకోవలసినదానిని చూసుకునే మనిషి లేకుండా పోయినప్పుడు చెడింది. దశబంధం పోయింది, దాని స్థానంలో మరొకటి రాలేదు. నీరుగంటి పోయాడు. కరణం పుస్తకం పోయింది. 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. అవి ఎక్కడ పని చేస్తున్నాయో, ఎక్కడ కాగితం మీదనే ఉన్నాయో మీకు తెలుసు.

ఇప్పుడు ఊరిలో ఉదయం, సాయంత్రం క్రమం తప్పకుండా మనుషులు కలిసే చోటు ఏది? పాల కేంద్రం. రోజుకు రెండుసార్లు తూకం వేసి, పరీక్ష చేసి, పేరు రాసి, లెక్క చూపించే సంస్థ ఊరిలో ఇంకొకటి లేదు. ఈ అలవాటే మన ఆస్తి. ఇది కూడా పోతే ఊరికి తన లెక్క తాను రాసుకునే చోటు మిగలదు.

ఒక సంఘానికి మేము వెళ్ళినప్పుడు – పేరు చెప్పము – పాత తీర్మానాల పుస్తకం అడిగాము. అటక మీదినుంచి దించితే సగం చెదలు తిన్నది. మిగిలిన సగంలో మొదటి సభ్యుల వేలిముద్రలు ఉన్నాయి. ఒక ముసలామె వచ్చి, తన మామగారి పేరు చూపించమని అడిగింది. పేరు దొరికింది. "పాలు పితికింది నేను, పేరు ఆయనది" అని నవ్వుతూ అన్నది. ఆ మాట మేము మరవలేదు. శాసనంలో మట్టి మోసినవారి పేరు లేనట్టే, మన రిజిస్టర్లలో పాలు పితికేవారి పేర్లు చాలా చోట్ల లేవు. ఈ లోపం సరిదిద్దడం మన చేతిలోనే ఉన్నది.

కాబట్టి ప్రతి సంఘమూ ఈ కింది పనులు ఆలోచించాలని కోరుతున్నాము.

1. ఒక మంచి అట్ట పుస్తకం కొని "ఊరి పుస్తకం" అని పేరు పెట్టండి. చెరువు ఎప్పుడు నిండింది, ఎప్పుడు ఎండింది, ఏ ఏట గడ్డి ఏ ధరకు కొన్నారు, ఎన్ని పశువులు అమ్ముకున్నారు – పెద్దలను అడిగి రాయించండి. చెప్పినవారి పేరు, రాసిన తేదీ తప్పక వేయండి. విన్నదానిని విన్నట్టు, చూసినదానిని చూసినట్టు వేరువేరుగా రాయండి.

2. పాత తీర్మానాల పుస్తకాలను, సభ్యత్వ రిజిస్టర్లను ఇనుప పెట్టెలో వేప ఆకు వేసి భద్రపరచండి.

3. పశువులను చూసుకునే స్త్రీలను వారి పేరుమీదనే సభ్యులుగా చేర్చండి.

4. కాలువ కింద గడ్డి చవకగా దొరికే నెలల్లో సంఘం తరఫున కొని నిలువ చేయండి. వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచితే గడ్డి మెత్తబడి సారం పెరుగుతుంది. తీసిన గడ్డిని కొంతసేపు గాలికి ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టవద్దు. యూరియా నీటిని పశువులకు అందకుండా చూడండి, అది విషం.

5. ఏటి గట్టున గాని, చెరువు గట్టు కింద గాని కొంత పోరంబోకును పంచాయతీ తీర్మానంతో గడ్డికి, చెట్లకు విడిచిపెట్టండి. కోసి మేపండి, విడిచి మేపకండి.

చర్చకు ప్రశ్నలు

సంఘం సమావేశంలో ఈ ప్రశ్నలు చదివి మాట్లాడుకోండి.

మన ఊరి చెరువు కట్టను చివరిసారి ఎవరు, ఎప్పుడు బాగుచేశారు? వచ్చే ఏడు కట్ట తెగితే మనం ముందుగా ఎవరి ఇంటి తలుపు తడతాము?

పోరుమామిళ్ళ శాసనం చెప్పిన ఆరు దోషాలలో మన చెరువుకు ఎన్ని ఉన్నాయి? వాటిలో ఊరు సరిచేసుకోగలవి ఏవి?

గడచిన పదేళ్ళలో కరువు వల్ల పాడి మానుకున్న ఇళ్ళు ఎన్ని? అందులో మళ్ళీ పాలు పోస్తున్నవి ఎన్ని?

మన రిజిస్టరులో లేని పేర్లు ఎవరివి?

కణేకల్ గురించి మేము రాసినది కొద్దిమాత్రమే. ఆ ఊరివారు చదివి ఇంతకు పదింతలు చెప్పగలరు. చెప్పాలని మా కోరిక. మిగతా సంఘాలవారు తమ ఊరి సంగతులను నాలుగు పుటలకు మించకుండా రాసి పంపితే ఈ పాఠాల వరుసలో సంతోషంగా చేర్చుకుంటాము. అక్షరాలు కుదురుగా లేకపోయినా పరవాలేదు. లెక్క మాత్రం, పాల లెక్క లాగానే, సరిగ్గా ఉండాలి.